చీము పట్టే కూరలూ, బావగారి బరువూ

ముందుగా నిశ్చయంగా తెలిసినవి చెబుతాను. మా బావగారి మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానేశాయి. కారణం, ఆయన ఏళ్ళ తరబడి పట్టించుకోని రక్తపోటు. మధుమేహం లేదు, పరీక్షల కాగితాలు మూడు నేనే చూశాను. మా అక్క మూత్రపిండం ఆయనకు సరిపోతుందని తేలింది. ఇంట్లో మరెవరిదీ కుదరలేదు. డయాలసిస్ జరిగిన మర్నాడు విశాఖలో శస్త్రవైద్యుడి గదిలో చెప్పులు విప్పించి, జేబులు ఖాళీ చేయించి తూచినప్పుడు బావగారి బరువు తొంభై ఎనిమిది కిలోల నాలుగు వందల గ్రాములు. ఆ అంకె స్వయంగా చదివాను. దిగి మళ్ళీ ఎక్కమని అడిగి, మళ్ళీ చదివాను.

ఇక విన్నవి. వంకాయ తింటే కుట్లు చీము పడతాయని విన్నాను. గుమ్మడికాయ తింటే ఇంకా తొందరగా పడతాయని విన్నాను. ఒళ్ళున్నవాళ్ళకు పుండు చప్పున మానుతుందని విన్నాను. మా బంధువుల్లో ఒకావిడ తోటికోడలి అన్నగారికి ఆపరేషనయిన వారానికి ఎవరో చిక్కుడుకాయ కూర పెట్టగా కుట్లన్నీ విడిపోయాయని కూడా విన్నాను. ఈ చివరి సంగతికి మూలం వెతుకుతూ వరసగా నలుగురికి ఫోన్ చేశాను. ఆ కథ తనకు చెప్పింది నేనేనని నాలుగో ఆవిడ అన్నారు.

నేను అమలాపురంలో ఒక డిగ్రీ కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం బోధిస్తాను. ఎవరేం చెప్పినా "ఎలా తెలుసు?" అని అడగడం నా వృత్తిధర్మం. మా అక్క దాన్ని జబ్బు అంటుంది. దానికి కూడా ఆధారం అడిగాను.

శస్త్రవైద్యుడు చెప్పిన మాటలు మాత్రం వినికిడి కావు; అక్కా, బావగారూ, నేనూ ముగ్గురమూ ఎదురుగా కూర్చుని విన్నాం.

"మీ పొట్ట మీద కొవ్వు పొర మందంగా ఉందండి," అన్నాడాయన. "కొత్త కిడ్నీని ఇక్కడ, కుడివైపు కింద పెడతాం. కొవ్వుకి రక్తప్రసరణ తక్కువ. కోసినచోట నీరు చేరుతుంది, కుట్లు సరిగా అతుక్కోవు, చీము పట్టే అవకాశం పెరుగుతుంది. పైగా కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా మేమిచ్చే మందులు రోగనిరోధకశక్తిని తగ్గిస్తాయి. వేరేవాళ్ళకి చిన్న ఇబ్బందయ్యేది మీకు పెద్దదవచ్చు. మూడు నెలల్లో పది కిలోలు తగ్గి రండి."

"ఆయ్," అన్నారు బావగారు. ఆయన దేనికైనా ముందు ఆయ్ అంటారు. ఒప్పుకున్నారో లేదో తర్వాత తెలుస్తుంది. "తగ్గకపోతేనండీ?"

"వాయిదా వేస్తాం."

"ఇదంతా కొవ్వు కాదండి డాక్టరుగారూ. మర్యాదండి. మావైపు ఎవరింటికెళ్ళినా ఏదోటి పెట్టేస్తారు. వద్దంటే బాధపడిపోతారండి."

డాక్టరు నవ్వలేదు. "మర్యాదైనా సరే, దాన్ని కోసుకునే లోపలికి వెళ్ళాలండి," అని అక్క వైపు తిరిగాడు. "మీ రక్తపోటు హద్దు దగ్గర ఉందమ్మా. ఇవాళ్టికి మీరు దాతగా పనికొస్తారు. ఇంకాస్త పెరిగితే ఆలోచించాల్సి వస్తుంది. అందుకని మరీ ఆలస్యం చేయకండి."

ఇదీ పరిస్థితి. బావగారి పొట్ట తగ్గేలోపు అక్క రక్తపోటు పెరగకూడదు. పెరిగితే బావగారికి వారానికి మూడు రోజులు డయాలసిస్ మంచమే గతి. తిరుగు ప్రయాణంలో రైలు తుని దాటాక బావగారు, "మరదలా, పది కిలోలంటే ఎన్ని కొబ్బరికాయలంటావు?" అన్నారు. వలిచిన కాయలా, వలవనివా అని అడిగాను. అక్క మా ఇద్దరి వైపూ చూసి కిటికీ వైపు తిరిగింది.

కొత్తపేట దగ్గర వాళ్ళ ఇంట్లో బావగారి తల్లి, డెబ్భై ఎనిమిదేళ్ళ అత్తయ్యగారు, వీధి అరుగు మీదే కాచుక్కూర్చున్నారు. డాక్టరు చెప్పిందంతా నేను క్రమంగా, ఒక్క ముక్క వదలకుండా చెప్పాను: కొవ్వు పొర, రక్తప్రసరణ, నీరు చేరడం, మందుల ప్రభావం, చీము పట్టే అవకాశం, పది కిలోలు. నా పాఠం ఇరవై నిమిషాలు సాగింది. పాఠం మొత్తంలో ఆవిడ చెవిన పడ్డది ఒక్కటే మాట.

"చీవా!" అన్నారు అత్తయ్యగారు.

సాయంత్రానికల్లా బంధువులందరికీ ఫోన్లు వెళ్ళాయి. మర్నాటికి చీము పట్టే కూరల జాబితాలు రావడం మొదలైంది. జొన్నాడ పిన్నిగారు వంకాయ, గోంగూర, గుమ్మడికాయ నిషేధించారు. ఐనవిల్లి మేనత్తగారు వాటికి చిక్కుడు, కంద, పెండలం కలిపారు. ఇంకొకరు పప్పులన్నీ తీసేశారు. దిండి నుంచి ఒకాయన ఫోన్ చేసి, ములక్కాడ తనకు పడలేదని చెప్పారు. విచారిస్తే ఆయనకు ఆపరేషనే జరగలేదు, ములక్కాడ అంటే చిన్నప్పటినుంచీ గిట్టదట. నేను వీటన్నిటినీ ఒక పట్టికగా రాశాను. నిలువు గళ్ళలో కూరలు, అడ్డ గళ్ళలో బంధువులు. ఏ ఇద్దరి జాబితాలూ ఒకటి కావని, ఎక్కువమంది కలిసి నిషేధించిన కూర వంకాయ ఒక్కటేనని, ఎవరూ తప్పు పట్టని కూర బీరకాయ ఒక్కటేనని తేలింది. ఈ ఫలితం ప్రకటించిన మర్నాడు బీరకాయ మీద కూడా ఒక అభ్యంతరం వచ్చింది.

బొండాం నీళ్ళూ, ఆకుకూరలూ డయాలసిస్ వాళ్ళు ముందే మాన్పించారు. వాటిలో పొటాషియం ఎక్కువ, అది నిజమైన కారణం. చుట్టూ కొబ్బరితోటలున్న మనిషికి బొండాం నీళ్ళు నిషేధమనడం మావాళ్ళకు మింగుడు పడలేదు గానీ పాటించారు. అంటే బావగారి కంచంలోంచి ఆకుకూరలు డాక్టర్లు తీశారు, మిగతా కూరలు బంధువులు తీశారు. మిగిలింది అన్నం, నెయ్యి, వేపుడు చేప ముక్క, మజ్జిగ. ఆపైన మిఠాయిలు. మిఠాయి చీము పడుతుందని మా జిల్లాలో ఎవరూ ఎప్పుడూ అనలేదు.

మొదటి వారం చివర అత్తయ్యగారు ఫోన్ చేశారు.

"అమ్మాయ్, మూడు కిలోలు తగ్గేడే మీ బావ! నాలుగ్గంటల్లో!"

"నాలుగు గంటల్లోనా? ఎక్కడ తూచారండీ?"

"డయాలసిస్ దగ్గరేనే. ఎక్కేముందు తూచేరు, దిగేక తూచేరు. మూడు కిలోలు తేడా!"

అది ఒంట్లో చేరిన నీళ్ళండీ, యంత్రం తీసేసింది, రెండు రోజుల్లో మళ్ళీ చేరుతుంది, కొవ్వు గ్రాము కూడా తగ్గలేదు అని వివరించాను. వెనకనుంచి బావగారి గొంతు వినిపించింది: "అయితే రోజూ చేయించుకుంటే నెల తిరిగేసరికి మాయమైపోతానేమో కనుక్కోవే అమ్మా."

ఇలా లాభం లేదని ఒక తూకం యంత్రం కొని తీసుకెళ్ళాను. ఎప్పుడూ డయాలసిస్ మర్నాడు పొద్దున్నే, అదే లుంగీతో, సెల్‌ఫోన్ పక్కన పెట్టి తూగాలని నియమం పెట్టాను. కానీ యంత్రం సరిగా చూపిస్తోందని ఎలా తెలుసు? పాతిక కిలోల బియ్యం బస్తాని దాని మీద పెడితే ఇరవై నాలుగూ తొమ్మిది వందలు చూపించింది. యంత్రం తక్కువ చూపిస్తోందా, బస్తాలో బియ్యం తక్కువా? కళాశాల ప్రయోగశాల నుంచి కొలజాడీ తెచ్చి, సరిగ్గా పది లీటర్ల నీళ్ళు బకెట్లో కొలిచి, ఖాళీ బకెట్ బరువు తీసేసి లెక్క కట్టాను. యంత్రం మూడు వందల గ్రాములు ఎక్కువ చూపిస్తోంది. అంటే బస్తా కూడా తక్కువే. యంత్రం మీద చెరగని సిరాతో "మూడు వందలు తీసేయండి" అని రాశాను. పది రోజుల్లో ఆ వీధిలోని ఆడవాళ్ళంతా బరువు చూసుకోవడానికి మా అక్క ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఎక్కగానే మూడు వందలు తగ్గే యంత్రం ఇంకెక్కడా లేదట.

ఐదు వారాలు గడిచాయి. బావగారి బరువు తొంభై తొమ్మిది కిలోల వంద గ్రాములు. తీసేయాల్సిన మూడు వందలు తీసేశాకనే.

"ఇంట్లో సగమే తింటున్నాడే," అంది అక్క. ఆమె గొంతులో కోపం కంటే భయమే ఎక్కువుంది. ఆ వారమే ఆమె రక్తపోటు కాస్త పెరిగింది. "నా కళ్ళముందే కంచంలో సగం వదిలేసి లేచిపోతున్నాడు. గాలి పీల్చి పెరుగుతున్నాడా?"

గాలి పీల్చి ఎవరూ పెరగరు. కాబట్టి ఒక ఆదివారం, డయాలసిస్ లేని రోజు చూసుకుని, బావగారు ఎక్కడికి వెళితే అక్కడికి వెళ్ళాను. "రా మరదలా, నీకూ మర్యాద జరుగుతాది," అని బండి వెనక ఎక్కించుకున్నారు.

మావైపు పెళ్ళికి ముందు పెళ్ళికొడుకుని బంధువులు ఒక్కొక్కరూ ఇంటికి పిలిచి భోజనం పెట్టడం ఆనవాయితీ. పెద్ద ఆపరేషన్‌కి వెళ్ళే మనిషికి ఆ మాత్రం చేయకపోతే ఎలా అని ఎవరికి మొదట తోచిందో నేను కనిపెట్టలేకపోయాను. తోచాక మాత్రం ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు. ఐదు వారాలుగా యాభై నాలుగేళ్ళ బావగారు పెళ్ళికొడుకులా ఇంటింటా తిరుగుతున్నారు.

జొన్నాడలో పిన్నిగారు నెయ్యి తేలుతున్న ఉప్మా పెట్టారు. "పెసరట్టు వెయ్యలేదండీ, పెసలు చీవు కదా," అన్నారు నాతో, ప్రశంస ఆశిస్తూ. ఐనవిల్లిలో మేనత్తగారు పదింటికి "ఊరికే నోరు తడుపుకోడానికి" రెండు కాజాలు, ఒక జంతిక పెట్టారు. మధ్యాహ్నం ఒక మేనమామగారింట్లో భోజనం.

"ఉప్పు సగమేసేం బావా. వంకాయ ముక్క గుమ్మంలోకి రానివ్వలేదు," అన్నాడు మేనమామగారి అబ్బాయి, బావగారి కంటే రెండేళ్ళు చిన్న, నేతిగిన్నె పట్టుకుని. "మరొక్క ముద్ద. కత్తి కిందకెళ్ళే మనిషివి."

"చాలురా, మా మరదలు రాసుకుంటోంది."

"ఏటి రాసుకుంటున్నారండీ?"

"ఎంత తిన్నారో," అన్నాను.

"అయ్యో, ఏం తిన్నాడండీ! చూడండి, నెయ్యి అలాగే ఉండిపోయింది." అని ఆ ఉండిపోయిన నెయ్యి కూడా వేసేశాడు.

సాయంత్రం మరో రెండిళ్ళు. ఎవరూ పచ్చడి, పప్పు, పులుసు, కూర దేనినీ బావగారి దరిదాపులకు రానివ్వలేదు. ఎవరూ బొండాం కొట్టలేదు. డాక్టరు చెప్పినవన్నీ, డాక్టరు చెప్పనివన్నీ కూడా పాటించారు. బరువు సంగతి వాళ్ళకెవరూ చెప్పలేదు, అంతే. ప్రతి ఇంట్లోనూ వీధి దాకా వచ్చి సాగనంపుతూ, "మా ఇంట్లో ఏవీ తిన్లేదండీ," అని నాతో ఫిర్యాదు చేశారు. ఆ రోజు బావగారు తిన్న పూతరేకులు పదకొండు. అడిగితే, "ఒక్కో ఇంట్లో రెండేగా తిన్నాను మరదలా. చివరింట్లో వాళ్ళు బాగా బాధపడితే మూడు," అన్నారు నిజాయితీగా.

కొవ్వు వల్ల చీము పట్టే ప్రమాదం ఉంది. మావాళ్ళు చీముకు భయపడి కూరలు తీసేసి ఆ చోట్లో నెయ్యీ బెల్లమూ నింపారు. చీము రాకుండా ఊరూరా పడుతున్న శ్రమంతా చీము వచ్చే దారినే వెడల్పు చేస్తోంది. ఈ సంగతి ఆ రాత్రి నా నోటుపుస్తకంలో రాసుకుంటే ఎంతో స్పష్టంగా కనిపించింది. మర్నాడు అత్తయ్యగారికి చెబితే ఏమాత్రం కనిపించలేదు.

"నువ్వు చదువుకున్నావే, కాదన్ను," అన్నారావిడ. "కానీ వంకాయ సంగతి నాకు తెల్సు."

"ఎలా తెలుసండీ?"

అడిగి ఉండకూడదు. "మీ మావయ్యగారికి కాలికి గునపం తగిలింది," అన్నారు ఆవిడ. "పుండు మానుతా ఉంది. గుత్తొంకాయ తినాలనుందన్నారు. వండేను. మర్నాటినుంచీ కాలు వాచింది. ఆ వాపుతోటే పోయేరు." ఆవిడ చీరకొంగు సర్దుకున్నారు. "నలభయ్యేళ్ళయింది. ఈ ఇంట్లో వంకాయ తరగలేదు."

వంకాయ తిన్న మర్నాడు వాచినంత మాత్రాన వంకాయ వల్ల వాచిందనడానికి వీల్లేదు. ఈ వాక్యం ఏటా మొదటి తరగతిలోనే చెబుతాను. ఆ పూట నోట్లోంచి రాలేదు.

అందుకని మరో దారి పట్టాను. ఇది నా జీవితంలో చేసిన ప్రయోగాల్లో అతి బలహీనమైనదని ముందే ఒప్పుకుంటున్నాను. ఆ వారంలోనే ప్రయోగశాలలో గాజుపలక విరిగి నా ఎడమ చూపుడువేలు లోతుగానే తెగింది. దేవుడిచ్చిన అవకాశం అనబోయి, యాదృచ్ఛికం అని సరిదిద్దుకున్నాను. తొమ్మిది రోజులు వరసగా వంకాయ తిన్నాను. గుత్తివంకాయ, వంకాయ వేపుడు, వంకాయ పచ్చిపులుసు, వంకాయ పెరుగుపచ్చడి. రోజూ ఉదయం ఎనిమిదింటికి, ఒకే వెలుతురులో, పక్కన అంగుళాల స్కేలు పెట్టి వేలికి ఫొటో తీశాను. మా ఇంట్లోవాళ్ళు ఆరో రోజునుంచి బయట తిన్నారు. పదో రోజున ఆ ఫొటోలన్నీ పట్టుకుని కొత్తపేట వెళ్ళాను.

అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చూశారు. అక్క పక్కన నిలబడింది. బావగారు కుర్చీ లాక్కున్నారు.

"మానిపోయిందే," అన్నారు ఆవిడ చివరికి.

"చూశారా అండీ. తొమ్మిది రోజులూ వంకాయే తిన్నాను. చీము లేదు."

"చూసేను. నీకు మానదేటి? ఒంటిమీద ఏవన్నా ఉంటే కదా చీవు పట్టడానికి! నిన్ను కోస్తే కత్తికి ఎవుక తగుల్తాది. మావాడిది అలాగేటే? వాడిది బెత్తెడు కొవ్వు. అది కొయ్యాల, లోపలికెళ్ళాల, మళ్ళీ ఆ బెత్తెడూ కలిపి కుట్టాల..."

ఆవిడ ఆగారు. బావగారి పొట్ట వైపు చూశారు. బావగారు లుంగీ పైకి లాక్కున్నారు.

"బెత్తెడు కొవ్వే, అమ్మాయ్," అన్నారు మెల్లిగా. "అంత కొవ్వు కుడితే ఎక్కడ అతుక్కుంటాది?"

"ఆయ్. డాక్టరుగారు చెప్పింది అదేనండీ," అన్నాను.

"మరి చెప్పవేటే! తొమ్మిది రోజులు వంకాయ చుట్టూ తిరిగేవు గానీ, ముందే కొవ్వని చెప్పొచ్చుగా!"

మొదటిరోజే ఇరవై నిమిషాలు చెప్పానని అనబోయాను. అక్క నా కాలు తొక్కింది.

ఆ మధ్యాహ్నం ఆవిడ ఫోన్ దగ్గర కూర్చున్నారు. ఒక్కో ఇంటికీ ఒకే మాట. "నేనేనండీ. పూతరేకులు చీవంట. ఆయ్, డాక్టరే చెప్పేడు. కాజాలూ చీవే. నెయ్యి మహా చీవు. బెల్లం ముట్టుకున్నా చీవే. మావాడొస్తే మజ్జిగ తప్ప ఇంకేవీ పెట్టకండి."

ఇక్కడ నా మనస్సాక్షికి సంబంధించిన ఒక చిన్న ఘటన నమోదు చేయాలి. నెయ్యి చీము పట్టదు. బెల్లం చీము పట్టదు. సరైన పనికి తప్పు కారణం చెప్పి లోకాన్ని నడిపించడం నా శాస్త్రానికి ద్రోహం. "అత్తయ్యగారూ, అవి నేరుగా చీము పట్టవండి, బరువు పెంచుతాయి, ఆ బరువు..." అని మొదలుపెట్టాను. అక్క రెండో కాలు కూడా తొక్కింది. "నా కిడ్నీ వెళ్ళేదాకా నోరు మూసుకో," అంది చెవిలో. నేను మూసుకున్నాను. జొన్నాడ నుంచి దిండి దాకా పూతరేకులకు చీము లక్షణం అంటగట్టబడింది. నా వంతు బాధ్యతను నేను కాదనను.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఒళ్ళున్నవాళ్ళకు మంచిదన్న మాటను నేను పూర్తిగా కొట్టిపారేయలేను. డయాలసిస్ మీద ఉన్నంతకాలం కాస్త బరువున్నవాళ్ళే ఎక్కువకాలం నిలుస్తున్నట్టు కనిపిస్తుందని వైద్యులు రాసినవి చదివాను. అది బరువు వల్లనా, జబ్బు ముదిరినవాళ్ళు ముందే చిక్కిపోవడం వల్లనా అన్నది వాళ్ళలో వాళ్ళకే తెగలేదు. ఈ విషయం బావగారికి చెప్పలేదు. చెబితే ఆయ్ అనేవారు.

పిలుపులు ఆగిపోయాయి. ఇంట్లో బీరకాయ, సొరకాయ, దొండకాయ తిరిగొచ్చాయి. పొటాషియం పోవడానికి ముక్కలు ఉడికించి ఆ నీళ్ళు పారబోసేవాళ్ళు. బావగారు పొద్దున్నే కాలువగట్టు మీద నడిచేవారు. ఆయన్ని అలా చూసి జనం, "ఏంటండీ, బండి పాడయ్యిందాండీ?" అని ఆపేవారు. వాళ్ళకు సమాధానం చెప్పడంతో నడకకు పట్టే సమయం రెండింతలయ్యేది. మూడు నెలలు నిండేసరికి ఆయన తొంభై నాలుగుకి వచ్చారు. డాక్టరు అక్క రక్తపోటు చూసి పెదవి విరిచాడు. మరో ఆరు వారాలు గడువిచ్చాడు, అంతకంటే ఆగలేమన్నాడు. ఆ ఆరు వారాలూ అత్తయ్యగారు తూకం యంత్రం పక్కనే కుర్చీ వేసుక్కూర్చున్నారు. ఆఖరి తూకం తొంభై కిలోల ఆరు వందలు.

"పది అడిగాను, ఎనిమిది తెచ్చారు," అన్నాడు డాక్టరు.

"మిగతా రెండూ మా ఆవిడ తగ్గిందండి, బెంగతో," అన్నారు బావగారు. "ఇద్దరికీ కలిపి చూసుకోండి."

ఆపరేషన్ జరిగింది. కొత్త మూత్రపిండం బల్ల మీదే పని మొదలుపెట్టింది. బావగారికి తెలివొచ్చాక ఎన్ని లీటర్ల మూత్రం వచ్చిందో, పంట దిగుబడి చెప్పినట్టు బంధువులందరికీ ఫోన్లో చెప్పారు. పాతవి రెండూ తీయలేదని, అలా ఉంచేస్తారని, ఇప్పుడు కొడుకు పొట్టలో మూడున్నాయని తెలిసి అత్తయ్యగారు వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. "మూడా! మరి మా కోడలికి ఒకటేనా? ఇదెక్కడి న్యాయమే?" అన్నారు తర్వాత.

పదో రోజున కోతకు ఒక చివర ఎర్రబడింది. మర్నాటికి అక్కడ తడి కనిపించింది. డాక్టరు చూసి, రెండు కుట్లు విప్పి, కొంచెం చీము తీశాడు.

ఆసుపత్రి దగ్గర అద్దె గదిలో ఆ మాట విన్నప్పుడు ఎవరూ జాబితాలు తీయలేదు. అక్క తన పొట్ట మీది కట్టు పట్టుకుని మంచం అంచున కూర్చుంది. అత్తయ్యగారు మాస్కు లోపల పెదవులు కదుపుతూ గోడ వైపు చూశారు. నేను నోటుపుస్తకం మూసేశాను. నిరోధకశక్తి తగ్గించే మందులు వేసుకుంటున్న మనిషికి చీమంటే ఏమిటో ఆ గదిలో అందరికంటే నాకే బాగా తెలుసు. ఆ తెలివి ఆ పూట దేనికీ పనికిరాలేదు.

అదృష్టవశాత్తూ, ఈ మాట తెలిసే వాడుతున్నాను, అది చర్మం కిందనే ఆగింది. కండదాకా వెళ్ళలేదు, మూత్రపిండం జోలికి పోలేదు. పరీక్షలో దొరికింది చర్మం మీద మామూలుగా ఉండే సూక్ష్మజీవే. యాంటీబయాటిక్స్ ఇచ్చారు. రోజూ కట్టు మార్చారు. ఐదో వారానికి పుండు పూడింది. బావగారు ఇప్పుడు ఇంట్లో ఉన్నారు. స్టెరాయిడ్ మాత్రలు ఆకలిని పెంచుతాయని డాక్టరు చెప్పింది ఆయన ఒక్కసారే విన్నా మరచిపోలేదు.

అక్క కోతకు చీము పట్టలేదు. "చూసేవా, సన్నగా ఉంది కాబట్టి," అన్నారు అత్తయ్యగారు, ఈసారి నా పక్షాన వాదిస్తూ. ఆ పోలిక చెల్లదండీ అని చెప్పక తప్పలేదు. అక్క కోత చిన్నది, వేరేచోటిది, ఆమె ఆ మందులు వాడలేదు. తేడా బరువొక్కటే అయితే కదా లెక్క. "నీతో పెట్టుకోకూడదే," అన్నారావిడ. తర్వాత కాసేపటికి, ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అడిగారు.

"ఆ ఎనిమిది కిలోలూ తగ్గకుండా వెళ్ళుంటే ఏవయ్యేదే అమ్మాయ్? ఇంత చిన్న పుండుతో పోయేదా?"

తెలియదన్నాను. బరువెక్కువున్నవాళ్ళలో కోత పుండ్లు ఎక్కువగా చెడతాయన్నది చాలామందిని చూసి తెలుసుకున్న సంగతి. ఆ చాలామందిలో మా బావగారు ఎక్కడ పడేవారో అది చెప్పదు. తగ్గినందువల్లే చీము చర్మం దగ్గర ఆగిందేమో. తగ్గకపోయినా అక్కడే ఆగేదేమో. ఇంకో రెండు కిలోలు తగ్గితే అసలు వచ్చేదే కాదేమో. తేల్చాలంటే ఎనిమిది కిలోలు ఎక్కువున్న ఇదే మనిషిని, ఇదే రోజున, ఇవే చేతులతో మరోసారి కోసి చూడాలి.

"ఒక్కడితోనే వేగలేకపోయేం, ఇంకోడెందుకే," అన్నారు అత్తయ్యగారు.

అందుకే నోటుపుస్తకంలో ఆ ప్రశ్న పక్కన జవాబు రాయలేదు. ఆవిడ మాత్రం ప్రతి వారం ఫోన్ చేసి, ఏమన్నా తేలిందా అని అడుగుతున్నారు. ఇంకా లేదండీ అంటున్నాను. ఎప్పటికీ తేలదన్న మాటే సరైనదని తెలిసి కూడా.